అడిగినంత మాత్రాన సెలైన్ పెట్టరు: పర్లాకిమిడిలో ఒక పిల్లల ఆసుపత్రి

మా కాశీనగర్ వాళ్లకు ఈ ఆసుపత్రి మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. అంత దూరం ఆటోలో పడి వెళ్తే, విరేచనాలతో ఉన్న పిల్లకు సెలైన్ పెట్టకుండా గ్లాసూ చెంచా చేతికిచ్చి కూర్చోబెడతారని. ఫీజు పుచ్చుకుని నీళ్లు తాగించమనడం ఏం వైద్యమని మా ఆవిడ డాక్టరు ముఖం మీదే అడిగింది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. నాకు అక్కడ నచ్చింది సరిగ్గా అదే. లెక్క కట్టకుండా ఏదీ మొదలుపెట్టరు.

మూడేళ్ల మనవరాలిని తీసుకెళ్లినప్పుడు దాని కళ్లు కాస్త లోపలికి పోయాయి, ఊరికే చిరాకు పడుతోంది, కానీ గ్లాసు కనబడితే లాక్కుని మరీ తాగుతోంది. డాక్టరు పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. ముడత నెమ్మదిగానే సర్దుకుంది, కానీ రెండు సెకన్లు పట్టలేదు. బరువు 12 కిలోలు. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 900 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్, నాలుగు గంటల్లో తాగించాలని చీటీ రాశాడు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తాగించే పని మాదే, అయినా ఎంత లోపలికి వెళ్లిందో సిస్టర్ వచ్చి చూసి రాసుకుంటూనే ఉంది. సాయంత్రానికి పిల్ల మూత్రం పోసి, అరటిపండు కావాలని గొడవ మొదలుపెట్టింది. సూది లేకుండానే ఇంటికి వచ్చేశాం. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ సమాధానపడలేదు.

ఆసుపత్రిలోని మందుల దుకాణం గురించి ఒక మాట. అక్కడ ఇచ్చేది లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల ప్యాకెట్టు. పండ్ల రుచితో అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు అడిగితే లేవంటారు. ఓఆర్‌ఎస్ కాని పానీయాలకు ఆ పేరు పెట్టకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్యాకెట్టును గ్లాసుకు కాస్త, గ్లాసుకు కాస్త కలపవద్దని దుకాణం అబ్బాయి మూడు భాషల్లో చెబుతాడు, ఒడియా, తెలుగు, సవర. ఆ అబ్బాయికి జీతం పెంచాలి.

ఇక అసలు సీసా పెట్టడం వాళ్లకు రాదేమోనన్న అనుమానం ఉంటే, మా పది నెలల మనవడి సంగతి వినండి. వానాకాలం, రాత్రివేళ. వాడు తల వాల్చేశాడు, పాలు పట్టడం లేదు, ఏడుపులో కన్నీరు లేదు, మాడు గుంట పడింది. చర్మం ముడత లేచింది లేచినట్టే ఉండిపోయింది. ఆ రాత్రి చీటీ, ఫీజు ఎవరూ అడగలేదు. చేతుల్లో నరం దొరకకపోతే పెద్ద సిస్టర్ పాదం దగ్గర పట్టుకుంది. పెట్టింది ఆర్‌ఎల్ సీసా, అంటే రింగర్ లాక్టేట్ అనే, ఉప్పులు కలిసిన సెలైన్. ఊళ్లో అందరూ అడిగే గ్లూకోజు సీసా ఎందుకు కాదని అడిగాను. "మాస్టారూ, బాబుకు పోయింది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉత్త గ్లూకోజు సీసాలో ఉప్పుండదు" అని, చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

బాబు బరువు 8 కిలోలు. ఏడాది లోపు పిల్లలకు కిలోకు 30 చొప్పున మొదటి గంటలో, 70 చొప్పున తర్వాతి ఐదు గంటల్లో ఎక్కించాలట. అంటే 240, ఆ తర్వాత 560. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే గొట్టం అది. నిమిషానికి 80 చుక్కలు రావాలి. నేను గడియారం పెట్టి లెక్కపెట్టాను, 78 వచ్చాయి. సిస్టర్ చక్రం కొద్దిగా తిప్పి సరిచేసింది. గంట తర్వాత వచ్చి నాడి చూసి వేగం తగ్గించింది, 37. సీసా తగిలించి వెళ్లిపోయి, అయిపోయాక మనం కేకేస్తే వచ్చే చోట్లు నేను చూశాను. ఇక్కడ అలా కాదు. తెల్లవారకముందే వాడు రొమ్ము వెతుక్కున్నాడు. సీసా ఇంకా నడుస్తుండగానే చెంచాతో ఓఆర్‌ఎస్ మొదలుపెట్టించారు, గంటకు 40 మిల్లీలీటర్లు. ఇంటికి పంపేటప్పుడు జింకు బిళ్లలు ఇచ్చారు, రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగిపోయినా 14 రోజులు మానకూడదన్నారు. విరేచనాలు టక్కున ఆపే మందు రాయమని మా కోడలు అడిగితే, చిన్నపిల్లలకు అది ఇవ్వకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు.

లోపాలూ ఉన్నాయి. వార్డు ఇరుకు, ఒక్కో మంచం చుట్టూ ముగ్గురు నలుగురు చుట్టాలు. మరుగుదొడ్డిలో చేతులు కడుక్కోవడానికి సబ్బు లేదు. విరేచనాల పిల్లలుండే చోట దీన్ని చిన్న లోపమని నేను అనను, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. రసీదులో "ఇతర ఖర్చులు" అని ఒక వరుస ఉంది. లెక్కల మాస్టారికి అలాంటి వరుస చూపించకూడదు.

ఆదివారం సాయంత్రం డాక్టరు ఉండడు, సిస్టర్లే చూస్తారు. రాత్రి వెళ్తే వెనక గేటు దగ్గర గంట నొక్కండి, ముందు గేటుకు తాళం వేసి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు, స్టీలు గ్లాసు, చెంచా, సబ్బు ఇంటి నుంచే పట్టుకెళ్లండి.