శ్వాసకోశ వ్యాధుల అడ్వాన్స్‌డ్ కోర్సు: మూడేళ్ళు వాడాక నా సమీక్ష

నేను కోనసీమలో లంకలకి (గోదావరి మధ్య దీవులకి) దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆయాసం, ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) ఉన్నవాళ్ళని ఎలా పరీక్షించాలి, ఎలా చూసుకోవాలి అన్నదాని మీద ఆర్నెల్ల కోర్సు ఒకటి 2022 మొదట్లో పూర్తి చేశాను. శని, ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు, చివర్లో ఐదు రోజులు ప్రాక్టికల్స్. అయిన వెంటనే రాసుంటే స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) గురించే రాసేదాన్ని. ఇప్పుడు చెప్పాల్సింది వేరే ఉంది.

ప్రాక్టికల్స్ మొదటి రోజు మా చేతికి మందు లేని ఇన్‌హేలర్లు ఇచ్చి వాడి చూపించమన్నారు. గదిలో ఉన్న ఇరవై మందిలో సరిగ్గా వాడినవాళ్ళు ముగ్గురో నలుగురో. నేను కుదపలేదు, ముందు గాలి పూర్తిగా వదలలేదు, పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టలేదు. ఏళ్ళ తరబడి పేషెంట్లకి చెప్తూ వచ్చింది ఇదేనా అని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. "చెప్పి పంపొద్దు, చేయించి చూడండి" అన్నారు మాకు నేర్పిన డాక్టర్ గారు.

తిరిగొచ్చిన నెలలోనే ఒక కౌలు రైతు వచ్చాడు. ప్రతి దాళ్వా (రెండో పంట) నూర్పిళ్ళకీ ఆయాసంతో చేరే మనిషి. మందు పనిచేయడం లేదని అప్పటికే రెండుసార్లు మార్చాం. "బాబాయ్ గారూ, ఇంట్లో ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించండి" అన్నాను. చొక్కా జేబులోంచి రోటాక్యాప్ (పరికరంలో పెట్టి పీల్చాల్సిన పొడి మందు గొట్టం) తీసి నాలుక మీద వేసుకుని, నీళ్ళ కోసం చుట్టూ చూశాడు. "పొద్దున్నొకటి, రాత్రొకటి మింగుతున్నానండి, ఆయ్." ఏడాదిన్నరగా! పీల్చే పరికరం మాత్రం కవరు విప్పకుండా గూట్లో ఉందట. అప్పటి నుంచి చీటీ చేతిలో పెట్టే ముందు ప్రతి ఒక్కరితోనూ చేయించి చూస్తున్నాను. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని పెద్దవాళ్ళకి స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం; మందు అందులో నిలిస్తే నెమ్మదిగా పీల్చుకోవచ్చు. అది కొనలేని వాళ్ళకి అర లీటరు నీళ్ళ బాటిల్ అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేలా కన్నం చేసి ఇస్తాం.

రెండోది ఆక్సిజన్. ఇక్కడ లంక పొగాకు చుట్ట నలభై ఏళ్ళు కాల్చినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. సీఓపీడీ ముదిరినవాళ్ళలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. అందుకే ఆక్సిమీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. నేనైతే 99 చూసేదాకా తిప్పేదాన్ని. ఆ జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు ఒక పెద్దాయనని లంకలోంచి పడవ మీద తెచ్చారు. సిలిండర్ ఫుల్లుగా పెట్టి ఉంది, పిలిస్తే సరిగా పలకడం లేదు. ఆపేయకుండా, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ 90 దగ్గర నిలిపాం. డాక్టర్ గారు వచ్చి నెబులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే యంత్రం) పెట్టించారు. తెల్లారేసరికి కాఫీ అడిగాడు. ఈ ఒక్క పాఠానికే నేను కట్టిన ఫీజు సరిపోయింది.

పిల్లల విషయంలో నేర్చుకున్నది చిన్నదే: చొక్కా ఎత్తి, నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టడం. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 దాటినా తాకినా నిమోనియా అనుమానించాలి. "డొక్కలు ఎగరేస్తున్నాడండి" అని తల్లి అంటే లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగను.

లోపాలూ ఉన్నాయి. మూడు వారాంతాలు వెంటిలేటర్ సెట్టింగులకీ, రక్తంలో వాయువుల పరీక్షకీ పోయాయి. మా దగ్గర రెండూ లేవు. స్పైరోమెట్రీ బాగా చెప్పారు, కానీ దాని కోసం టౌనుకి పంపితే ఒక రోజు కూలి పోతుందని సగం మంది వెళ్ళరు. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఆయాసం తీవ్రత కొలిచే స్కేల్‌లో "చిన్న గుట్ట ఎక్కితే ఆయాసం వస్తుందా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. కోనసీమలో గుట్ట ఎక్కడుంది! నేను "ఏటిగట్టు ఎక్కితే వస్తుందా?" అని అడుగుతాను, వెంటనే జవాబు వస్తుంది. ఇలాంటి మార్పులు కోర్సు వాళ్ళే చేసి ఇవ్వాల్సింది. సర్టిఫికెట్ ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చింది. దాని కోసం చేసిన ఫోన్లకి లెక్క లేదు.

అయినా పీహెచ్‌సీల్లో, చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులకి, ఫిజియోథెరపిస్టులకి చేరమనే చెప్తాను. ఫీజు కట్టే ముందు ప్రాక్టికల్స్ ఎన్ని రోజులో అడగండి. మాకిచ్చిన ఐదు రోజులు చాలలేదు. ఇన్‌హేలర్లకే ఒక రోజంతా ఇవ్వాలి.