సెల్ఫ్ మోటరు నాలుగుసార్లు కాలిపోయాక వెళ్ళిన రిపేరు షాపు, 5కి 4 స్టార్లు

ముందే చెప్తున్నా ఇది పొడుగు రివ్యూ, ఖాళీ ఉన్నోళ్ళే చదవండి. బోటు ఉన్నోళ్ళు మాత్రం ఖాళీ లేకపోయినా చదవండి.

మాది కాకినాడ. చెక్క బోటు, ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజను, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో కలిపి 24 వోల్టులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ కదా, అన్ని రోజులూ బోటు కుంభాభిషేకం రేవులో కట్టేసే ఉంది. జూన్ 15న ఐసు ఎక్కించి డీజిల్ పోయించి కొబ్బరికాయ కొట్టి సెల్ఫ్ (ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే మోటరు) బటన్ నొక్కితే టక్ మంది, అంతే, ఇంజను కదల్లేదు. సరే రెండు నెలలు కూర్చుంది కదా అని బ్యాటరీలు చార్జింగ్ పెట్టించాం. నాలుగైదు సార్లు కొట్టేసరికి మోటర్లోంచి పొగ.

అప్పుడు వెళ్ళింది ఈ షాపుకి కాదు, ఇంకో దానికి, పేరెందుకు లెండి. ఆర్మేచర్ (మోటర్లో తిరిగే తీగల చుట్ట) పోయింది అన్నారు, రీవైండింగ్ చేసి కార్బన్ బ్రష్‌లు మార్చి 6,500 తీసుకున్నారు. జులైలో మళ్ళీ కాలింది. ఈసారి మంచి వైరు వేశాం అని మళ్ళీ 7,000. ఆగస్టులో అదీ పోతే ఇంక విసుగొచ్చి 19,000 పెట్టి కొత్త మోటరే కొన్నా, అది పట్టుమని పదకొండు రోజులు రాలేదండీ బాబూ. అదీ ఎక్కడ, హోప్ ఐలాండ్ అవతల, రాత్రిపూట, ఇంజను ఆపి వల సర్దుకుంటుంటే. వేరే బోటు వాళ్ళు తాడేసి లాక్కొచ్చారు, రేవులోకి వచ్చే మొగ దగ్గర నీళ్ళు పోటు ఎక్కేదాకా ఆగాల్సొచ్చింది, ఈలోపు ఐసు సగం నీళ్ళయిపోయింది, రొయ్య మెత్తబడి రేటు పడిపోయింది. ఆ షాపుకెళ్ళి అడిగితే "మీ సరంగు ఎక్కువసేపు బటన్ నొక్కుతున్నాడు, కాలిన మోటరుకి వారంటీ ఉండదు" అన్నారు. మా సరంగు (బోటు నడిపేవాడు) ఇరవై ఏళ్ళుగా బటన్ నొక్కుతున్నాడు!

అప్పుడు ఎవరో చెప్తే జగన్నాథపురం వైపున్న ఈ షాపుకి వచ్చా. షాపు అంటే రేకుల షెడ్డు, ముందర పాత డైనమోల కుప్ప, చూస్తే లోపలికి వెళ్ళాలనిపించదు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. కాలిన మోటరు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు, విప్పను కూడా విప్పలేదు. "బ్యాటరీ ఎర్తు వైరు ఎక్కడ బిగించావు బాబూ?" అన్నారు. నాకు తెలీదు. బోటు నాది, లక్షలు పెట్టి కొన్నా, ఎర్తు వైరు ఎక్కడుందో నాకు తెలీదు. "నాలుగుసార్లు ఒకేలా చచ్చిందంటే తప్పు మోటర్ది కాదు, రేపు ఏడింటికి వస్తా, పాతదేదన్నా ఒకటి ఇస్తా బిగించి ఉంచు" అన్నారు. ఏడింటికి అని పదకొండుకి వచ్చారు, అది వేరే సంగతి.

వచ్చి ఏం చేశారో చెప్తా, ఇదే అసలు విషయం. ఇంజను స్టార్ట్ అవకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకోమని సరంగుకి చెప్పి, నన్ను బటన్ నొక్కమన్నారు, ఆయన మీటరు పట్టుకుని ఇంజను పక్కన కూర్చున్నారు. నొక్కకముందు బ్యాటరీల మీద 25.2. బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ మొన (టెర్మినల్) మీద 21.6, అది బానే ఉంది అన్నారు. అదే నొక్కుడులో మోటరు దగ్గర చూస్తే 16.9! మధ్యలో నాలుగు వోల్టులు పైనే ఎటు పోయింది? ప్లస్ వైపు చూస్తే 0.6 పోతోంది. ఎర్తు వైపు, అంటే మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్ మొనకి, ఇంకోటి మోటరు బాడీకి పెట్టి చూస్తే 4.1. ముల్లు క్లాంపు మీద కాదు మొన మీదే పెట్టాలంట, లేకపోతే క్లాంపు దగ్గర తుప్పు లెక్కలోకి రాదు. 24 వోల్టుల బండికి ఒక్కో వైపు ఒక వోల్టు దాటకూడదు అన్నారు. తర్వాత ఎర్తు కేబుల్ చివర లగ్గు (బోల్టుకి బిగించే కొస) మీద చెయ్యి పెట్టమన్నారు, చురుక్కుమంది. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ కొత్త కేబుల్‌లా ఉంది. కత్తితో తొడుగు చీల్చి చూపించారు, లోపల రాగి తీగలు కాదు, పచ్చటి పొడి, వేలితో నలిపితే రాలిపోతోంది. రెండడుగుల లోపలిదాకా అదే. లగ్గు దగ్గర సీలు లేక ఉప్పు నీరు పీల్చుకుంటూ పోయిందంట.

లారీకి అయితే చాసిస్ మొత్తం ఎర్తే కదా, చెక్క బోటుకి అదేం లేదు, ఇంజను కూర్చున్నది చెక్క మీద, మోటర్లోంచి వెనక్కి వచ్చే కరెంటంతా ఆ ఒక్క కేబుల్లోంచే రావాలి. అది కుళ్ళితే కరెంటు దొరికిన దారి పట్టుద్ది అన్నారు. అది వినగానే మా సరంగు "అందుకేనా అండీ సెల్ఫ్ కొట్టినప్పుడల్లా గేరు కేబుల్ వేడెక్కుతోంది" అన్నాడు. నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు చూడండి.

మరి మోటరు ఎందుకు కాలుద్దంటే, వోల్టేజి తక్కువైతే సొలినాయిడ్ (మోటరుకి కరెంటు కలిపే స్విచ్) గట్టిగా పట్టుకోలేక టకటకా కొట్టుకుంటుంది, లోపల రాగి బిళ్ళ నిప్పులు కక్కి అతుక్కుపోతుంది. అతుక్కుంటే బటన్ వదిలినా మోటరు ఆగదు. ఇంజను అందుకున్నాక ఫ్లైవీల్ (ఇంజను పెద్ద చక్రం) మోటరు కొసనున్న చిన్న పళ్ళచక్రాన్ని ఎంత స్పీడుగా తిప్పుతుందో ఆలోచించండి, వన్‌వే క్లచ్ (ఇంజను స్పీడు మోటరుకి తగలకుండా వదిలేసేది) కాసేపు కాస్తుంది, అదీ పోయాక ఆర్మేచర్ తీగలు బయటికొచ్చేస్తాయి. మా పదకొండు రోజుల మోటరు సొలినాయిడ్ కోసి చూపించారు, బిళ్ళ మీద వెల్డింగ్ చేసినట్టు ముద్దలు. స్టార్ట్ అయ్యాక కీచుమని సౌండ్ వచ్చిందా అని అడిగితే కలాసీలు (బోటు పనివాళ్ళు) వచ్చింది, బెల్టు అనుకున్నాం అన్నారు.

ఇంకోటి కూడా పట్టుకున్నారు. సముద్రపు నీటి పంపు సీలు కారి బొట్లు బొట్లుగా సరిగ్గా సెల్ఫ్ మోటరు తోక మీద పడుతోంది. అందుకే వెనక బుష్ (మోటరు ఇరుసు తిరిగే రింగు) ఎప్పుడూ తుప్పు. ఆ మొదటి షాపువాళ్ళు ఆ తుప్పు రెండుసార్లు గీకి ఉంటారు, ఎక్కడ నుంచి వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

పని: ఎర్తు, ప్లస్ రెండూ తగరం పూత రాగి కేబుల్ 70 స్క్వేర్ (చదరపు మి.మీ. మందం), లగ్గులు ప్రెస్ చేసి పైన లోపల జిగురుండే స్లీవు, ఎర్తు నేరుగా సెల్ఫ్ మోటరు బోల్టుకే బిగించారు. బ్యాటరీ దగ్గర కట్‌ఆఫ్ స్విచ్ పెట్టారు, మళ్ళీ ఎప్పుడైనా మోటరు అతుక్కుంటే ముందు అది ఆపాలి. కొత్త సొలినాయిడ్, మోటరు రిపేరు, పంపు సీలు. మొత్తం 14,200. పాత షాపుకి పోసింది 32,500, లెక్క మీరే వేసుకోండి. చివర్లో మీటరు పెడితే ఎర్తు వైపు 0.3. సరంగుకి పది సెకన్లు మించి నొక్కొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగు అన్నారు, స్క్రూడ్రైవర్‌తో సొలినాయిడ్ షార్ట్ చేసే కలాసీని మాత్రం బాగా తిట్టారు. ఆ స్క్రూడ్రైవర్ మొన సగం కరిగిపోయి ఉంది, దాన్ని తీసుకుని సముద్రంలో పారేశారు.

ఒక స్టారు ఎందుకు కట్ చేశానంటే టైముకి రారు, ఫోన్ ఎత్తరు, బిల్లు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చారు. డిజిటల్ పేమెంట్ లేదు, క్యాషే. వేట సీజన్ మొదట్లో వెళ్తే నాలుగైదు రోజులు మీ వంతు రాదు, కాబట్టి బంద్ ఉన్నప్పుడే కేబుళ్ళు చూపించుకోండి. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్తే షెడ్డులో దొరుకుతారు, తర్వాత ఏ జెట్టీ మీద ఉంటారో ఆయనకే తెలీదు.

ఇప్పుడు నవంబరు, అదే మోటరు నడుస్తోంది. ఆ కుళ్ళిన కేబుల్ ముక్క షెడ్డులో మేకుకి వేలాడదీసి వచ్చిన ప్రతి ఓనరుకీ చూపిస్తున్నారు, పాత షాపుకి తీసుకెళ్ళి చూపిద్దామని అడిగితే ఇవ్వలేదు.