జాగ్రత్త: మీ బీమా ఫారం ఇంకొకరి చేత నింపించకండి

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా ఈ మధ్యే టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా) తీసుకున్నవాళ్లు, తీసుకోవాలనుకుంటున్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. చదివాక బీరువాలోనో, మెయిల్‌లోనో ఉన్న మీ పాలసీ బాండ్ తీసి చివరి పేజీలు చూడండి. మా బావగారు ఆ పేజీలు చూడలేదు. ఆయన పోయాక మేము చూశాం.

అక్కావాళ్లు మారతహళ్ళిలో ఉంటారు. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. అపార్ట్‌మెంట్ కోసం అప్పు తీసుకున్నాక, తనకేమైనా అయితే ఆ భారం అక్క మీద పడకూడదని బావగారు 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకున్నారు. ఆలోచన నూటికి నూరుపాళ్లూ సరైనదే. జీతం పడే బ్యాంకు నుంచి ఒక ఉద్యోగి ఇంటికే వచ్చి, ట్యాబ్‌లో ఫారం నింపి, అరగంటలో పని ముగించాడు. బ్యాంకు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇది ఒక్క కంపెనీ దగ్గరే జరిగేది కాదు.

ఆ అరగంటలో ఏం జరిగిందో అక్క కళ్లారా చూసింది. ఆరోగ్యం ప్రశ్నలు రాగానే బావగారు తనంతట తానే చెప్పారు: "నాకు బీపీ ఉందండీ. మూడేళ్ల నుంచి రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటున్నాను." దానికి అతను, "ఈ వయసులో బీపీ ఎవరికి లేదు సార్? అది రాస్తే వైద్య పరీక్షలంటారు, నెల రోజులు తిప్పుతారు. మీకు అదుపులోనే ఉంది కదా" అంటూ వేలితో నొక్కుకుంటూ పోయాడు. చివర్లో ఫోనుకు ఓటీపీ వచ్చింది. బావగారు చదివి చెప్పారు. ఆ అంకెలే సంతకమని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

రెండు రోజుల తర్వాత కంపెనీ నుంచి నిర్ధారణ కోసం ఫోను వచ్చింది. అప్పుడు బావగారు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారు. "దీర్ఘకాలిక వ్యాధులేవీ లేవని తెలిపారు, సరైనదేనా?" అని అడుగుతారు. వెనుక హారన్ల మోత. బావగారి గొంతు "అవునండీ, అవును" అంటుంది. క్లెయిం తిరస్కరించాక ఆ రికార్డింగు మాకు వినిపించారు. అక్క సగంలోనే లేచి బయటికి వెళ్లిపోయింది.

పాలసీ తీసుకున్న 14వ నెలలో, ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగితే, "నాలుగేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నారు" అని అక్క చెప్పింది. భర్త ప్రాణం నిలవాలని చెప్పిన మాట అది. కేస్ షీట్‌లో పైనే రాసుకున్నారు. బావగారు దక్కలేదు.

పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు మరణం సంభవిస్తే కంపెనీలు విచారణ జరుపుతాయి. వచ్చిన మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఆసుపత్రి నుంచి కేస్ షీట్ నకలు తీసుకున్నాడు, వీధి చివరి మందుల షాపులో పాత బిల్లులు అడిగాడు. కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది: ముఖ్యమైన ఆరోగ్య విషయం తెలపలేదు కనుక క్లెయిం చెల్లదు. కట్టిన రెండు ప్రీమియాలు వెనక్కి వేశారు. అంతే.

అప్పుడు బాండ్ తీశాం. వెనుక ప్రపోజల్ ఫారం, అంటే ఆ రోజు ట్యాబ్‌లో నింపిన దరఖాస్తు, నకలు జతచేసి ఉంది. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు, గత ఐదేళ్లలో వాడిన మందులు... ప్రతి ప్రశ్నకూ ఎదురుగా "లేదు", "లేదు", "లేదు". బావగారు 84 కిలోలు ఉండేవారు, ఫారంలో 70 అని ఉంది. ఫారం ప్రపోజరే, అంటే బావగారే, స్వయంగా నింపినట్టు ఉంది. వేరేవాళ్లు నింపితే వాళ్లు సంతకం చేయాల్సిన ధ్రువీకరణ ఒకటుంటుంది, అది ఖాళీ. ఆ ఉద్యోగి పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు.

చట్టం ఏమంటుందో ఆ తర్వాత తెలుసుకున్నాను. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్, 2015లో సవరించిన రూపంలో, పాలసీకి మూడేళ్లు నిండాక ఏ కారణంతోనూ కంపెనీ దాన్ని ప్రశ్నించకూడదని చెబుతుంది. మూడేళ్లలోపు మాత్రం ముఖ్యమైన విషయం దాచారని చూపించి తిరస్కరించవచ్చు. మోసం అని కాక, విషయం తెలపలేదన్న కారణంతో తిరస్కరిస్తే ప్రీమియాలు 90 రోజుల్లో వాపసు ఇవ్వాలి. "ఏజెంటు నింపాడు, మాకు తెలియదు" అనడం కూడా తేలిక కాదు: ఫారం మీద సంతకం చేసినవాళ్లు అందులో ఏముందో తెలియదని తప్పించుకోలేరని 2019లో ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదే బావగారికి పెళ్లయిన కొత్తలో తీసుకున్న పొదుపు పాలసీ ఒకటి ఉంది. ఏటా 50 వేలు కడితే బీమా 5 లక్షలు, అంటే ప్రీమియానికి పది రెట్లే. ఆ డబ్బు మాత్రం బోనస్‌తో సహా వచ్చింది, ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. పాతబడిన పాలసీకి అంత బలం. అందుకే "పాతది ఆపేసి మా కొత్తది తీసుకోండి" అనేవాళ్ల దగ్గర ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కొత్త పాలసీతో ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. ప్రీమియం కట్టక ఆగిపోయిన పాలసీని పునరుద్ధరించినా అంతే, పునరుద్ధరించిన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. ఈ సంగతి నాకు ఏ ఏజెంటూ చెప్పలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. మంచిదే. ఆ పేరు చెప్పి అమ్మేవాళ్ల ఫోన్లూ పెరిగాయి. మీరు పాలసీ తీసుకోండి, వద్దనడం లేదు. ఇంటిని నిలబెట్టేది టర్మ్ పాలసీయే. కానీ ఫారం మీ చేతులతో మీరే నింపండి. బీపీ ఉంటే ఉందని, మాత్ర పేరుతో సహా రాయండి. సిగరెట్ అలవాటు, నాన్నగారికి గుండె జబ్బు, ఎప్పుడో చేయించుకున్న ఆపరేషన్, ఇదివరకే ఉన్న ఇతర పాలసీలు, అడిగినవన్నీ చెప్పండి. ప్రీమియం కొంత పెంచుతారు, పెంచనివ్వండి. వైద్య పరీక్షలు లేకుండా ఇస్తామంటే సంతోషపడకండి, పరీక్షలు చేయమని మీరే అడగండి. ఈ రోజు వాళ్లు చూసి రాసుకున్నదాన్ని రేపు మీరు దాచారనడం కష్టం. నిర్ధారణ ఫోను వస్తే బండి పక్కన ఆపండి, లేదా సాయంత్రం చేయమనండి.

క్లెయిం చెల్లింపుల శాతం చూసి కంపెనీని ఎంచుకుంటారు చాలామంది. నేనూ అలాగే చేశాను. ఆ లెక్కలో పాత పాలసీలూ కొత్తవీ అన్నీ కలిసే ఉంటాయి. మొదటి మూడేళ్లలో వచ్చిన క్లెయిములకు ఏమైందో ఆ ఒక్క అంకె చెప్పదు.

బాండ్ అందాక దాన్ని చదివి, నచ్చకపోతే వాపసు చేయడానికి 30 రోజుల గడువు ఉంది. ఇప్పటికే గడువు దాటి, ఫారంలో తప్పు కనబడితే ఊరుకోకండి. కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి జవాబు దాచుకోండి. పాలసీ రద్దు చేస్తారేమోనన్న భయం ఉంటుంది. అయినా మీరు ఉండగా రద్దయితే ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఇంటి అప్పో, వ్యాపార అప్పో ఉన్నవాళ్లు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర పాలసీ తీసుకునే వీలు గురించి కొనేటప్పుడే అడగండి. అలా తీసుకున్న పాలసీ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కు ఉండదు.

మాలాగే ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్ ఉంది, ఫోను నంబరు 155255. కంపెనీ నెలలోపు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. మనకు ఆ కార్యాలయం జేపీ నగర్‌లో ఉంది. 50 లక్షల వరకు ఉన్న వివాదాలు తీసుకుంటారు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. మా కాగితాలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.

అక్క బడిలో టీచరు. పోయిన నెల తన పేర టర్మ్ పాలసీ తీసుకుంది. ఫారం తానే నింపింది, థైరాయిడ్ మాత్ర పేరు, మోతాదు, ఎన్నేళ్లుగా వాడుతోందో అన్నీ రాసింది. పరీక్షలన్నీ అయ్యేసరికి 22 రోజులు పట్టింది, ప్రీమియం కొంచెం పెంచారు. బాండ్ వచ్చిన రోజు ఇద్దరం కూర్చుని చివరి పేజీలు చదివాం. మాత్ర పేరులో ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయమని అదే రాత్రి మెయిల్ పెట్టింది.