పెద్ద సంఖ్యల లక్షణాలు చెప్పే ఆన్‌లైన్ సాధనం: ఎంతవరకు నమ్మవచ్చు?

ఏ పూర్ణసంఖ్యను ఇచ్చినా దాని ప్రధాన కారణాంకాలు, భాజకాల మొత్తం, ద్విసంఖ్యామాన రూపం (0, 1 అంకెలతో మాత్రమే రాసేది), దానిని రెండు వర్గాల మొత్తంగా రాయగల విధానాలు అన్నీ ఒకే పేజీలో చూపే ఉచిత సాధనాన్ని కొంతకాలంగా వాడుతున్నాను. ఇటువంటి సాధనాన్ని పరీక్షించడానికి తోచిన సంఖ్య ఏదో ఒకటి ఇస్తే చాలదు. జవాబు ముందే తెలిసినవి, గణితవేత్తలను సైతం పొరపాటు పడేటట్లు చేసినవి ఇవ్వాలి.

మొదట 4294967297 ఇచ్చాను. 2తో మొదలుపెట్టి పదేపదే వర్గం చేస్తూ, ప్రతిసారీ 1 కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు; 3, 5, 17, 257, 65537 తర్వాత వచ్చేది ఇది. ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మగా, 641 దీనిని నిశ్శేషంగా భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపాడు. సాధనం 641, 6700417 అనే కారణాంకాలను వెంటనే ఇచ్చింది. భాజకాల మొత్తంగా చూపిన 4301668356ను, 642ను 6700418తో గుణించి సరిచూశాను, సరిపోయింది. అన్నిటికన్నా నాకు నచ్చినది వర్గాల విభాగం. 65536 వర్గానికి 1 కలిపితే ఈ సంఖ్య వస్తుందన్నది ఎవరికైనా తట్టేదే. కానీ 62264, 20449 వర్గాలను కలిపినా ఇదే వస్తుందని సాధనం రెండవ రూపాన్ని కూడా చూపింది. ఏ ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయలేము కనుక, కారణాంకాలు తెలియకపోయినా ఇది సంయుక్త సంఖ్య అని తేల్చడానికి ఆ ఒక్క పంక్తి చాలు. విచిత్రమేమిటంటే, ఇంత చక్కని సంబంధాన్ని సాధనం ఎక్కడా ప్రస్తావించదు. లక్షణాలను హాజరుపట్టీలో పేర్లలా ఒకదాని కింద ఒకటి పేర్చి ఊరుకుంటుంది.

తర్వాతిది 3215031751. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని త్వరగా అంచనా వేసేది మిల్లర్-రాబిన్ పరీక్ష; 2, 3, 5, 7 ఆధారాలుగా చేసే ఆ పరీక్షలన్నిటినీ ఇది ప్రధాన సంఖ్యలాగానే దాటుతుంది. 2500 కోట్ల లోపు అలా దాటే సంయుక్త సంఖ్య ఇదొక్కటే. సాధనం మోసపోలేదు, 151, 751, 28351 అని సరిగానే విడగొట్టింది.

చిక్కు వచ్చినది 147573952589676412927 దగ్గర. ఇది 2ను 67 సార్లు గుణించగా వచ్చే లబ్ధం కన్నా ఒకటి తక్కువ. మెర్సెన్ దీనిని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చగా, కాదని 1876లో లూకాస్ నిరూపించాడు. 193707721, 761838257287 అనే కారణాంకాలను 1903లో కోల్ ప్రకటించాడు. సాధనం ఈ రెండింటినీ సరిగానే చూపింది. ద్విసంఖ్యామాన రూపంలో మాత్రం, వరుసగా 67 ఒకట్లు ఉండవలసిన చోట, ఒక ఒకటి, దాని వెనుక 67 సున్నాలు కనిపించాయి. అంటే బేసి సంఖ్య కాస్తా సరిసంఖ్యగా మారిపోయింది. బహుశా ఆ విభాగం 53 బిట్ల (ద్విసంఖ్యామాన అంకెల) కచ్చితత్వం మాత్రమే గల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కింపుతో పనిచేస్తున్నది. ఆ పద్ధతిలో 9007199254740992 దాటిన పూర్ణసంఖ్యలలో చాలా యథాతథంగా నిలవవు, దగ్గరలోని మరో సంఖ్యకు సర్దుకుంటాయి. తప్పు కన్నా, హెచ్చరిక ఏదీ లేకుండా ఆ తప్పును చూపడం నాకు ఎక్కువ అభ్యంతరకరంగా తోచింది.

మరొక లోపం కూడా ఉంది. చాలా పెద్ద సంఖ్యలకు "ప్రధాన సంఖ్య" అని తీర్పు చెప్పేటప్పుడు, అది నిరూపితమో, సంభావ్యతా పరీక్ష (దాదాపు ఖాయమని చెప్పేదే తప్ప రుజువు కానిది) ఫలితం మాత్రమేనో తెలుపదు. పదిహేను అంకెల లోపు సంఖ్యలకు ఈ సాధనాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. అంతకు మించితే కారణాంకాల విభాగాన్ని మాత్రమే తీసుకొని, వాటి లబ్ధాన్ని వేరొక చోట గుణించి చూసుకోవడం మంచిది.