ఈపీఎఫ్‌ఓ యజమానుల పోర్టల్: 25 మంది పనిచేసే యూనిట్‌కు సరిపోతుందా?

ఉద్యోగుల భవిష్య నిధి (పీఎఫ్) సంస్థకు నెలనెలా రిటర్న్ వేయడానికైతే సరిపోతుంది. ఫీజు లేదు. జీతాల పట్టీ శుభ్రంగా ఉంటే కన్సల్టెంట్ లేకుండానే పని అవుతుంది. 2025 సెప్టెంబరు జీతాల నుంచి రిటర్న్ ఒక అడుగు, చలానా మరో అడుగు అయ్యాయి. డబ్బు కట్టేముందే లెక్క సరిచూసుకోవచ్చు, ఇది మంచి మార్పు.

ఈసీఆర్ ఫైల్ (రిటర్న్‌గా ఎక్కించే ఉద్యోగుల పట్టిక) దగ్గరే చాలామంది తడబడతారు. మనిషికో వరుస, వరుసకు 11 గడులు. మధ్యలో కామా పనికిరాదు. హ్యాష్, టిల్డా, హ్యాష్ (#~#) ఉండాలి. ఎక్సెల్‌లో యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) గడిని ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే 12 అంకెల రూపం మారిపోయి ఫైల్ తిరిగొస్తుంది. కొత్తగా చేరినవారికి యూఏఎన్ లేకపోతే వాళ్లే ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. ఆ పని 14వ తారీఖుకు పెట్టుకోకండి, రిటర్న్ గడువు 15.

ఇక అసలు చిక్కు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం హెచ్‌ఆర్‌ఏ, కన్వేయెన్స్ లాంటి, వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. 30,000 జీతంలో బేసిక్, డీఏ కలిపి 12,000, మిగతా 18,000 అలవెన్సులు అనుకుందాం. అదనపు 3,000 కలిసి వేతనం 15,000 అవుతుంది. యజమాని 12 శాతం వాటా 1,440 నుంచి 1,800కు పెరుగుతుంది. ఈడీఎల్‌ఐ, (ఉద్యోగుల బీమా) అడ్మిన్ ఛార్జీలు మరో 30. మనిషికి 390, 25 మందికి నెలకు 9,750 రూపాయలు. ఉద్యోగి చేతికొచ్చే జీతంలోనూ 360 కోత. ఇప్పటికే 15,000 మీద కడుతున్నవారికి ఈ పెంపు లేదు.

ఇదేదీ పోర్టల్ పట్టుకోదు. ఫైల్‌లో మొత్తం జీతం ఉంటుంది, ఈపీఎఫ్ వేతనం ఉంటుంది, అలవెన్సుల విడదీత ఉండదు. పాత 12,000 వేసినా రిటర్న్ వెళ్లిపోతుంది. తనిఖీలో బయటపడితే బకాయితో పాటు ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపై నష్టపరిహారం కూడా కట్టాలి. అందుకే ఫైల్ ఎక్కించేముందు పట్టీలో ఒక కాలమ్ అదనంగా పెట్టి అలవెన్సులు సగం దాటాయేమో చూసుకోవాలి.

ఫైలింగ్‌కు 5కి 4 ఇస్తాం, హెచ్చరికలకు 1. గ్రాచ్యుటీ ఊసే ఇక్కడ ఉండదు: ఇదే ఉదాహరణలో ఏడాది సర్వీసుకు 6,923 కాస్తా 8,654 అవుతుంది, ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాల ఒప్పందం) ఉద్యోగికి ఏడాదికే ఇవ్వాలి. దాన్ని వేరే పుస్తకంలో రాసుకోండి.