పావురాల పందెపు తుపాకుల వెంట: మాంటే కార్లో నుంచి బర్మింగ్‌హామ్ దాకా

పాత జోడుగొట్టాల తుపాకుల మీద మోజున్నవాళ్లు యూరప్ టూర్ అనగానే ముందు మొనాకోలోని మాంటే కార్లో పేరెత్తుతారు. నా మాట వింటే అక్కడికి ఒక్క పూట చాలు. మిగతా సమయమంతా బెల్జియంలోని లియేజ్‌కీ, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కీ ఇవ్వండి.

మాంటే కార్లోకి ఆ పేరు ఊరికే రాలేదు. ప్రాణమున్న పావురాలను కాల్చే పందేలకు ఒకప్పుడు అది పెద్ద వేదిక. 1872లో జరిగిన మొదటి పెద్ద పావురాల పందెం, గ్రాండ్ ప్రీని, జార్జ్ లోరిల్లార్డ్ అనే అమెరికన్ గెలిచాడు. కసీనో మేడ కింద, సముద్రం అంచున మైదానం. ఎదురుగా ఐదు పెట్టెలు, ఏది తెరుచుకుంటుందో షూటర్‌కి తెలియదు. రెండే తూటాలు. పిట్ట కంచె లోపలే పడాలి, బయట పడితే చచ్చినా లెక్కలోకి రాదు. ఆ పందేలు 1960ల్లో ఆగిపోయాయి. మొనాకో రాకుమారి గ్రేస్ పట్టుదల వల్లే ఆగాయంటారు. ఇప్పుడక్కడ పెద్ద హోటల్, ఆడిటోరియం ఉన్నాయి. ఫార్ములా వన్ కార్లు దూసుకెళ్లే సొరంగం కూడా ఆ కిందే.

బస మాత్రం నీస్‌లో తీసుకోండి. మొనాకోలో గది అద్దె మన మధ్యతరగతి వాళ్లు భరించేది కాదు. నీస్ నుంచి లోకల్ రైల్లో అరగంట లోపే చేరుకోవచ్చు. ఊరంతా కొండవాలే అయినా పబ్లిక్ లిఫ్టులు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. ఆ సౌకర్యానికి నా పూర్తి మార్కులు.

లియేజ్ సంగతి వేరు. మ్యూజ్ నది ఒడ్డున ఉన్న గ్రాండ్ కర్టియస్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూడ్డానికి ఒక రోజంతా పెట్టుకోండి. ఇనుము, ఉక్కు కడ్డీలను కలిపి మెలితిప్పి, చువ్వ చుట్టూ చుట్టి, కాల్చి, సుత్తితో అతికి చేసిన డమాస్కస్ గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. ఆ దగ్గర్లోని వెస్డ్ర్ లోయ కమ్మరులు చేసిన గొట్టాలు ఇంగ్లండ్‌కీ అమెరికాకీ వెళ్లేవి. వీటికి ఆ పేరు తెచ్చిన పాతకాలపు డమాస్కస్ కత్తులు మాత్రం మూసలో కరిగించిన ఉక్కువి, పద్ధతే వేరు. ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊళ్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. దాన్ని తలుచుకుంటూ ఆ అద్దాల ముందు నిలబడితే కాళ్లు కదల్లేదు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో 21 పావురాలను కొట్టి గెలిచిన లియోన్ డి లుండెన్ కూడా బెల్జియం వాడే. గీమాం రైల్వే స్టేషన్ చూడముచ్చటగా ఉంటుంది గానీ పాత ఊరికి దూరం, అందుకే గది నది వైపు తీసుకోవడం మేలు. శాకాహారులకు హోటళ్లలో పెద్దగా ఏమీ దొరకదు. వేడి వేడి వాఫిల్స్‌తో నెట్టుకొచ్చాను.

బర్మింగ్‌హామ్‌లో తిండికి బెంగ లేదు, మన దేశపు వంటలు వీధివీధినా దొరుకుతాయి. న్యూ స్ట్రీట్ స్టేషన్ దగ్గర బస చేస్తే, తుపాకుల బలాన్ని పరీక్షించే, 1813లో ఏర్పడిన ప్రూఫ్ హౌస్‌కి నడిచే వెళ్లొచ్చు. కాకపోతే ముందే మాట్లాడుకోవాలి, నేరుగా వెళ్తే లోపలికి రానివ్వరు. తుపాకీని ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. పాత తుపాకీ కొనేవాళ్లు చూడాల్సింది చెక్క మీది నగిషీ కాదు, ఈ ముద్రలు. 1954 తర్వాతి ముద్రల్లో 3 టన్నులు (చదరపు అంగుళం మీద పడే ఒత్తిడి) అని ఉంటే మామూలుగా రెండున్నర అంగుళాల తూటాకు, 3¼ అంటే రెండుముప్పావు అంగుళాల దానికి. దీన్ని పట్టించుకోకుండా పొడవాటి తూటా దూర్చితే ప్రాణం మీదికొస్తుంది.

లండన్‌లో హర్లింగ్‌హామ్ క్లబ్బును బయటి నుంచే చూడగలిగాను, సభ్యులకే ప్రవేశం. 1869లో పావురాల పందేల కోసమే పుట్టిన క్లబ్బు అది. 1905లో ఆపేసింది, చిహ్నంలో పావురం ఇంకా ఉంది. బంధించిన పక్షులను వదిలి కాల్చడాన్ని 1921లో చట్టమే నిషేధించింది.

ఇంగ్లండ్‌లో తుపాకీ చేతపట్టాలంటే షూటింగ్ స్కూలే దారి. అనుమతి ఉన్న మైదానాల్లో లైసెన్సు లేని టూరిస్టులు కూడా కోచ్ పక్కనుండగా గాల్లోకి విసిరే క్లే బిళ్లలు కాల్చొచ్చు. ఒక చోట "వింటేజ్" అని డబ్బు కట్టించుకుని, ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న కొత్త తుపాకీ చేతికిచ్చారు. రీఫండ్ కోసం గొడవపడాల్సి వచ్చింది. రెండో చోట ముందే మెయిల్ రాసి, ఏ తుపాకీ ఇస్తారో ఖాయం చేసుకున్నాను. అచ్చమైన పందెపు తుపాకీ! ముప్పై అంగుళాల గొట్టాలు, రెండింటికీ ఫుల్ చోక్ (గుళ్లు చెదరకుండా గొట్టం కొనను బాగా ఇరుకు చేయడం), మూడున్నర కిలోల బరువు, సేఫ్టీ మీట లేదు. పందెంలో అది తీయడం మరిచిపోతే పిట్టా పోతుంది, డబ్బూ పోతుంది కాబట్టి దాన్ని అసలు పెట్టేవారే కాదు. వేటతుపాకీ కన్నా బరువు ఎక్కువ కావడంతో ఒకసారి తిప్పడం మొదలుపెడితే మధ్యలో తడబడదు. మొదటి గుండు తప్పినా భుజం అదరకుండా రెండోది పేల్చగలిగాను. అంత ఆలోచించి చేసిన పనితనాన్ని చేత్తో తాకితే కలిగే ఆనందం మ్యూజియంలో దొరకదు.

బతికున్న పిట్టల మీద పేల్చే పందెం ఏ దేశంలో పిలిచినా నేను వెళ్లను. ఈ తుపాకులకు ఇప్పుడు సరైన పోటీ హెలిస్. ఐదు యంత్రాల్లో ఒకటి రెక్కల ప్లాస్టిక్ బిళ్లను గిరగిరా తిప్పి వదులుతుంది. అది పావురంలాగే ఎటు వంకర తిరుగుతుందో తెలియదు. నడుమనున్న తెల్లమూత ఊడి కంచె లోపల పడితేనే పాయింటు. ఇటలీలో ఒక క్లబ్బులో చూశాను, ప్రేక్షకులకు టికెట్ అడగలేదు. వెళ్లేవాళ్లు చెవులకు మఫ్‌లు వెంట పట్టుకెళ్లండి, అక్కడ అద్దెకివ్వరు.