చిలికాకి ఏ ఒడ్డున దిగాలి?

విశాఖ నుంచి ఒడిశాలోని చిలికా సరస్సు రైల్లో దాదాపు 350 కిలోమీటర్లు. పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నానికి బాలుగావ్‌లో దిగొచ్చు. ఇంత దగ్గరున్నా మనవాళ్ళలో ఎక్కువమంది పూరీలో జగన్నాథుడి దర్శనం చేసుకుని, మిగిలిన పూటలో సరస్సు ఒడ్డునున్న సాతపడ వెళ్ళి, కనబడింది డాల్ఫినో కాదో తేలకుండానే వెనక్కి వచ్చేస్తారు. వాళ్ళు చూసేది చిలికాలో ఒక మూల మాత్రమే. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య పరుచుకున్న ఈ ఉప్పునీటి సరస్సు వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మేము ఈ శీతాకాలంలో దక్షిణం కొసన రంభలో మొదలుపెట్టి బర్కుల్, మంగళాజోడి మీదుగా సాతపడ దాకా వెళ్ళాం. మేమిద్దరం, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన మా బాబాయి. బాబాయి ఉండబట్టి దారిలో ఏ పడవవాడూ ఆయన ప్రశ్నలు తప్పించుకోలేకపోయాడు.

రంభ ప్రశాంతంగా ఉంటుంది. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్ నీళ్ళ ఒడ్డునే ఉంది. గది సాదాసీదా, కానీ వరండాలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా సరస్సు, దాని వెనక కొండలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి తెలుగులో మాట్లాడితే బదులిచ్చేవాళ్ళు దొరుకుతారు. బోటు తీసుకుంటే బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా శిథిలాలు, బీకన్ ఐలాండ్‌లో స్నాడ్‌గ్రాస్ అనే కంపెనీ కాలం నాటి కలెక్టరు కట్టించిన స్తంభం చూపిస్తారు. చూడకపోయినా పెద్ద నష్టం లేదు. రంభకి వెళ్ళాల్సింది ఖాళీగా కూర్చోవడానికి. పిల్లలకి మాత్రం ఒక పూట గడిచేసరికి బోరు కొడుతుంది.

బర్కుల్‌లో ఆ ఇబ్బంది లేదు. బాలుగావ్ స్టేషన్‌కి దగ్గర, గదులు బాగుంటాయి, జెట్టీ పక్కనే. కాళిజాయి అమ్మవారి దీవికి ఇక్కణ్ణుంచే వెళ్ళాలి. సంక్రాంతికి అక్కడ జాతర కూడా జరుగుతుంది. బోటు అద్దె మొత్తం పడవకి, తలకింత అని కాదు. కాబట్టి నలుగురు వెళ్ళినా పదిమంది వెళ్ళినా ఖర్చు ఒకటే, ఇంకో కుటుంబాన్ని కలుపుకుంటే లాభం. భోజనం విషయంలో బర్కుల్, బాలుగావ్‌లకే నా ఓటు. పీతల కూర, ఆవపిండి వేసి వండిన ఖైంగా చేప, పక్కన దాల్మా, అంటే కూరగాయలు వేసి వండిన పప్పు. మన గోదావరి రుచికి అలవాటు పడ్డ నాలుకకి కారం చాలదు, అయినా చేప తాజాదనం ముందు అది లోటనిపించలేదు.

ఆ చేప దగ్గరే బాబాయి అసలు కథ ఎత్తుకున్నారు. 1999-2000లో చిలికా మొత్తం మీద దొరికిన చేప, రొయ్య, పీత అన్నీ కలిపితే 1,745 టన్నులు. రెండేళ్ళు తిరిగేసరికి 2001-02లో అది దాదాపు 12 వేల టన్నులైంది. మధ్యలో జరిగింది ఒకటే పెద్ద పని: 2000 సెప్టెంబర్‌లో సముద్రానికీ సరస్సుకీ మధ్యనున్న ఇసుక తిన్నెను సిపకుడ దగ్గర తవ్వి కొత్త ముఖం, అంటే నీళ్ళు వచ్చిపోయే దారి, తెరిచారు.

అంతకుముందు సరస్సు ఊపిరాడక చస్తోంది. ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవి మంచినీళ్ళతో పాటు ఒండ్రు తెచ్చి పోస్తాయి. పడమటి కొండల నుంచి దిగే వాగులు ఇంకాస్త మట్టి కలుపుతాయి. తీరం వెంట కదిలే ఇసుక సరస్సు ముఖాన్ని ఏటా ఈశాన్యం వైపు తోసుకుంటూ పోయింది. చివరికి సముద్రానికి వెళ్ళే కాలువ సన్నబడి, పొడుగై, పూడిపోయింది. ఆటుపోట్లు లోపలికి రాకపోవడంతో నీళ్ళలో ఉప్పు తగ్గి, కలుపు అల్లుకుంది. సముద్రం నుంచి రావాల్సిన చేపపిల్లలకి, రొయ్యపిల్లలకి దారి లేదు. 1981లోనే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్నవాటి చిట్టా, అంటే మాంట్రో రికార్డులో చేర్చారు. 1991లో ఏర్పాటైన చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంతో మోడల్ అధ్యయనాలు చేయించి, ఎక్కడ తవ్వాలో తేల్చుకున్నాకే పనిలోకి దిగింది. కొత్త ముఖంతో సముద్రానికి దారి దాదాపు 18 కిలోమీటర్లు తగ్గింది. 2002లో మాంట్రో రికార్డు నుంచి చిలికా పేరు తీసేశారు. ఆసియాలో అలా బయటపడ్డ మొదటి చిత్తడి నేల ఇదే. మన కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది కూడా అదే 2002లో. ఆ తర్వాత కొల్లేట్లో చేపల చెరువుల గట్లు, 2006లో వాటిని పేల్చేయడం, మళ్ళీ కట్టుకోవడం గురించి బాబాయి మొదలుపెడితే ఆపడం కష్టం. మా ఆవిడ టాపిక్ మార్చేసింది.

తవ్వకం గురించి అందరూ చెప్తారు గానీ కొండల పని గురించి ఎవరూ చెప్పరు. బర్కుల్ నుంచి హైవే మీద ఉత్తరంగా వెళ్తుంటే ఎడమ చేతివైపు గుట్టలు, కుడివైపు సరస్సు. ఆ గుట్టల్లో చెట్లు పోయినచోట ప్రతి వానకీ మట్టి సరాసరి నీళ్ళలోకే. అందుకే అథారిటీ పడమటి వాగుల వెంట నేలని చిన్న చిన్న వాటర్‌షెడ్లుగా, అంటే ఒక్కో వాగులోకి నీరు దిగే ప్రాంతాలుగా విడగొట్టి, ఊళ్ళవాళ్ళతోనే మొక్కలు పెట్టించడం, వాగులకి రాతి అడ్డుకట్టలు వేయించడం చేసింది. వాగుకి అడ్డంగా పేర్చిన రాళ్ళని ఫొటో తీసుకోవడానికి టూరిస్టులెవరూ ఆగరు, మేమూ కారు ఆపలేదు. కానీ ముఖం ఎన్నిసార్లు తవ్వినా పైనుంచి మట్టి రావడం ఆగకపోతే సరస్సు మళ్ళీ పూడుతుంది కదా.

ఇక మంగళాజోడి. ఈ ప్రయాణంలో ఒక్కచోటుకే వెళ్ళే వీలుంటే నేను ఇక్కడికే వెళ్తాను. టంగి నుంచి లోపలికి వెళ్ళాలి. మంచినీళ్ళు ఎక్కువగా ఉండే ఉత్తరపు చిత్తడి ఇది. ఒకప్పుడు ఈ ఊళ్ళో పిట్టల్ని కొట్టి అమ్ముకోవడం మామూలు విషయం. వైల్డ్ ఒరిస్సా సంస్థకి చెందిన నందకిశోర్ భుజబల్ వేటగాళ్ళతోనే ఏళ్ళ తరబడి మాట్లాడి, చివరికి వాళ్ళచేతే మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టించారు. కాళిజాయి అమ్మవారి పేర ప్రమాణం కూడా చేయించారని చెప్తారు. ఇప్పుడు వేటాడినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ గైడ్లు, పడవ నడిపేవాళ్ళు. పిట్ట ఎక్కడ దాక్కుంటుందో వేటగాడి కంటే బాగా ఎవరికి తెలుస్తుంది!

ఇక్కడ ఇంజన్ బోట్లు లేవు. గెడకర్రతో తోసే చిన్న పడవలు, పడవకి ఇద్దరు ముగ్గురే. నల్లతోక గాడ్విట్లనే పిట్టలు వందలకొద్దీ బురదలో ముక్కులు గుచ్చుకుంటూ, మనం పది అడుగుల దూరంలో ఉన్నా పట్టించుకోలేదు. సూదితోక బాతులు, బాపన బాతులు, నత్తగుల్ల కొంగలు. మా గైడు ఒక్కోదాన్నీ ఇంగ్లీషు పేరుతో చెప్పి, బైనాక్యులర్స్ మా అమ్మాయి చేతికిచ్చి, పక్షుల పుస్తకంలో పేజీ కూడా తీసి చూపించాడు. ఫోన్ వదలని పిల్ల రెండు గంటలు దాని ఊసే ఎత్తలేదు. బాబాయి మాత్రం పక్షుల్ని వదిలేసి "రోజుకి ఎన్ని ట్రిప్పులొస్తాయి బాబూ, వానాకాలంలో ఏం చేస్తావు?" అని అడుగుతూ కూర్చున్నారు. సీజన్‌లో వారం వారం వంతుల మీద పని వస్తుందట, మిగతా నెలలు చేపల వేటే. అందరికీ చాలినంత రాదని కూడా దాచకుండా చెప్పాడు.

ఎకోటూరిజం ట్రస్టు కాటేజీల్లో బస. గదులు శుభ్రం, భోజనం ఇంటి భోజనంలాగే, దోమతెర తప్పనిసరి. ఏసీ, టీవీ కావాలనుకునేవాళ్ళు బర్కుల్‌లో ఉండి తెల్లవారుజామున కారులో రావడం మేలు. ఏం చేసినా సూర్యోదయానికి పడవలో ఉండాలి. తొమ్మిది దాటితే ఎండకి పిట్టలు దూరం జరుగుతాయి, ఫొటోగ్రాఫర్ల పడవలు పెరుగుతాయి. శని, ఆదివారాలు వద్దు.

మంగళాజోడి తర్వాత సాతపడ నిరాశపరిచింది. ఇక్కడి ఐరావడీ డాల్ఫిన్లు చిలికా మొత్తానికి 150 దాకా ఉంటాయి. వాటికి మామూలు డాల్ఫిన్లలా ముందుకి పొడుచుకొచ్చిన మూతి ఉండదు, గుండ్రటి తల, గాల్లోకి ఎగిరే అలవాటు తక్కువ. నీటి మీద ఒక్క క్షణం బూడిదరంగు వీపు, అంతే. అదైనా ఇంజన్ ఆపి ఓపిగ్గా కూర్చుంటేనే. మేమెక్కిన బోటు నడిపేవాడు ఒక వీపు కనబడగానే వేగం పెంచి సరిగ్గా దాని మీదికే పోనిచ్చాడు. మరో నాలుగు బోట్లూ అటే వచ్చాయి. ఆపమన్నా వినలేదు. తర్వాత ఇసుక తిన్నె మీద దింపి, ఆల్చిప్పలు పగలగొట్టి "ముత్యం" తీసి అమ్మేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. అవి కొనకండి. బోటు మాట్లాడేటప్పుడే "డాల్ఫిన్ల దగ్గర ఇంజన్ ఆపాలి, ముత్యాల దుకాణం వద్దు" అని ఖరారు చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అయినా సాతపడ వెళ్ళొద్దని అనను. సముద్రం నీళ్ళు సరస్సులోకి ఎలా వస్తాయో కంటికి కనిపించేది ఇక్కడే. పోటు సమయంలో ఆ ప్రవాహం చూస్తే 12 వేల టన్నుల లెక్క నమ్మబుద్ధేస్తుంది. అయితే ముఖం తవ్వి చేతులు దులుపుకునే వ్యవహారం కాదిది. ఇసుక దాన్ని జరుపుతూనే ఉంది, 2019లో ఫణి తుఫాను కొత్త ముఖాలు తెరిచింది. లోపల దారి పొడుగునా వెదురు, వలలతో అడ్డం కట్టిన రొయ్యల ఘేరీలు కూడా కనిపించాయి. చిలికా, పులికాట్ సరస్సులకి 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అధికారులు పీకేయడం, మళ్ళీ వెలవడం నడుస్తూనే ఉందట. బాబాయి వాటిని చూసి ఏమీ అడగలేదు, సర్వీసులో ఉండగా చూసినవే అన్నారు.

మళ్ళీ వెళ్తే నా లెక్క ఇది: రెండు రాత్రులు మంగళాజోడి, ఒకటి బర్కుల్, సాతపడ ఒక్క పూట. జనవరి మంచి నెల. తిరుగు ప్రయాణంలో దక్షిణానికి రావాలంటే పూరీ చుట్టూ తిరగకుండా సాతపడ నుంచి జహ్నికుడకి కార్లనీ, బైకుల్నీ ఎక్కించుకుని దాటించే ఫెర్రీ ఉంది. టైమింగులు ముందురోజే కనుక్కోండి. క్యూలో కాస్త ముందుగా నిలబడకపోతే తర్వాతి ట్రిప్పు దాకా ఆగాల్సి వస్తుంది.